ఆలిచిప్పల మంచెల కింద చేపల లెక్క: ఒక కేస్ స్టడీ

నేపథ్యం

హైదరాబాద్‌లో ఆలిచిప్పల సాగు అనగానే ఎదుటివారు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ముత్యాలు ఎన్నాళ్లకు వస్తాయి?" పత్తర్‌గట్టీ ముత్యాల దుకాణాలు చూస్తూ పెరిగిన ఊరు ఇంకేమడుగుతుంది? ఈ కేసులో డబ్బు పెట్టిన యజమాని తన మామగారికి ఏడాది పొడుగునా దీనికి జవాబు చెబుతూనే ఉన్నాడు. తినే ఆలిచిప్పది ఒక కుటుంబం, ముత్యాల చిప్పది మరొకటి. మన ఉప్పుటేర్లలో రాళ్లను, మడచెట్ల వేర్లను, వంతెన స్తంభాలను కరుచుకుని పెరిగేది క్రాసోస్ట్రియా మద్రాసెన్సిస్ అనే తినే జాతి. దాని నుంచి మెరిసే ముత్యం రాదు. మాంసం వస్తుంది, మిగిలిన గుల్ల సున్నానికి పనికొస్తుంది.

నేను చేపల, రొయ్యల సాగుదారులకు సలహాలిచ్చే పని చేస్తాను. సముద్రం లేని ఊళ్లో కూర్చుని సముద్రపు పనేమిటని అడిగేవాళ్లున్నారు. మత్స్యకారులకు చేపలు దొరికే చోట్లు ఇవీ అని ఉపగ్రహాల సాయంతో చెప్పే ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉన్నది మన ప్రగతినగర్‌లోనే అని గుర్తుచేస్తాను. అయితే ఆ జవాబు నా అహంకారానికి ఎంత మేలు చేసిందో ఈ కేసులో నా పనికి అంత కీడు చేసింది. ఆ సంగతి ముందు ముందు వస్తుంది.

యజమాని ఊరూ పేరూ, ఏరు ఉన్న జిల్లా ఇక్కడ రాయడం లేదు. కొన్ని గుర్తులు మార్చాను. మిగతాదంతా జరిగినది జరిగినట్టే.

సాగు పద్ధతి కొత్తదేమీ కాదు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 1970లలో తూత్తుకుడిలో రూపొందించి, 1990ల నుంచి కేరళ బ్యాక్‌వాటర్లలో మహిళా సంఘాల చేత చేయిస్తూ వచ్చినదే. ఏటిలో కర్రలు పాతి మంచె కడతారు. నైలాన్ తాడుకు ఐదారు ఖాళీ గుల్లలు జానెడు కంటే కాస్త తక్కువ ఎడంతో గుచ్చి దండలు చేసి, ఆ మంచెకు వేలాడదీస్తారు. నీటిలో తిరిగే ఆలిచిప్ప పిల్లలు ఆ గుల్లల మీద అతుక్కుంటాయి. మేత వేసే పని లేదు. నీళ్లను మొప్పల గుండా లాగి, అందులోని సూక్ష్మజీవులను వడకట్టుకుని అవే తింటాయి. ఏడెనిమిది నెలల్లో కోతకు వస్తాయి. మేత ఖర్చు లేని సాగు అనేసరికి రొయ్యల చెరువుల్లో చేతులు కాల్చుకున్నవాళ్లకు ఆశ పుడుతుంది. మన యజమాని సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూనే ఇందులోకి దిగాడు. ఏటి ఒడ్డున ఉన్న పల్లెలోని ఒక మహిళా సంఘం రోజు కూలీకి పనిచేసేది.

నా దగ్గరకు వచ్చిన సమస్య

రెండో ఏడు చివర్లో ఆయన రెండు కోరికలతో వచ్చాడు. ఒకటి, నగరంలోని పెద్ద హోటళ్లకు సరుకు అమ్మేటప్పుడు ఇచ్చే కార్డు మీద "మా మంచెల వల్ల ఏటిలో చేపలు ఇంత శాతం పెరిగాయి" అని వేసుకోవడానికి ఒక అంకె కావాలి. రెండోది ఆయన చివర్లో, టీ తాగుతూ చెప్పాడు. మంచెలు వచ్చాక తమకు చేప తగ్గిందని పల్లెలో వేటాడేవాళ్లు గొడవపడుతున్నారు. అంకె ఒకటి చేతికొస్తే వాళ్ల నోరు కూడా మూయించవచ్చని ఆయన ఆలోచన.

నేను అక్కడే ఆగి ఉండాల్సింది. అంకె దేనికని అడిగాను తప్ప, ఎవరి మీద వాడతావని అడగలేదు.

శాస్త్రం పరంగా ఆయన ఆశ గాలిలో పుట్టినది కాదు. మెత్తటి బురద ఏటిలో గట్టి వస్తువు అరుదు. ఆలిచిప్పలు ఒకదాని మీద ఒకటి పెరిగి గరుకైన గోడ కడతాయి. దాని సందుల్లో పురుగులు, చిన్న రొయ్యలు, పీత పిల్లలు చేరతాయి, వాటిని తినడానికి చేపలు వస్తాయి. అసలు ఒకే చోట కలిసి బతికే జీవులన్నిటినీ ఒక సముదాయంగా చూడాలన్న ఆలోచన పుట్టిందే ఆలిచిప్పల దిబ్బల మీద. జర్మన్ జంతుశాస్త్రవేత్త కార్ల్ మోబియస్ 1877లో 'బయోసీనోసిస్' అన్న మాటను వాటిని చూసే తయారుచేశాడు. ఆయన్ను కూడా మొదట పంపింది సర్కారే, తమ తీరంలో ఆలిచిప్పల సాగు లాభసాటి అవుతుందేమో చూడమని. ప్రపంచవ్యాప్తంగా సహజమైన ఆలిచిప్పల దిబ్బల్లో దాదాపు 85 శాతం నాశనమయ్యాయని 2011లో వచ్చిన ఒక అంచనా. పోయిన దిబ్బ చేసే పనిలో కొంతైనా మంచెలు, పంజరాలు చేస్తాయా అన్నది చాలా దేశాల్లో అడుగుతున్న ప్రశ్నే.

ఇందులో ఒక మెలిక ఉంది. నీటిలో ఏ వస్తువు పెట్టినా దాని చుట్టూ చేపలు మూగుతాయి. అవి అక్కడ పుట్టి పెరిగినవా, పక్కనుంచి నీడకు వచ్చినవా? కృత్రిమ దిబ్బల మీద పనిచేసేవాళ్లు దశాబ్దాలుగా వాదించుకుంటున్న విషయం ఇది. పక్కనుంచి వచ్చినవే అయితే, ఏటిలో చేప పెరిగినట్టు కాదు, చోటు మారినట్టు. అలాంటప్పుడు పల్లెవాళ్ల ఫిర్యాదు, యజమాని గర్వం రెండూ ఒకేసారి నిజం కావచ్చు. ఈ మాట మొదటి సమావేశంలోనే యజమానికి చెప్పాను. "సరే సార్, అంకె మాత్రం ఇవ్వండి," అన్నాడు.

మొదట చేసినవి, పోయినవి

మొదటి ప్రయత్నం విసురువల. మంచెల దగ్గర, మంచెలు లేని చోట అదే మనిషి అదే వల అన్నేసిసార్లు విసరాలి, పడినవి లెక్కపెట్టాలి. ఖర్చు లేదు, పల్లెవాళ్లకు తెలిసిన పని, లెక్క కూడా వాళ్ల కళ్ల ముందే జరుగుతుంది. ఈ మూడు కారణాలతో దాన్ని ఎంచుకున్నాను. ఆలిచిప్ప అంచు కత్తిలాంటిదని పుస్తకాల్లో చదివినవాడినే. మూడో విసురుకే వల మంచెకు చిక్కుకుని చిరిగింది. ఆ తర్వాత వల విసిరే పెద్దాయన మంచెకు దూరంగా విసరడం మొదలుపెట్టాడు. ఎవరి వల వారికి బంగారం, ఆయన్ను ఏమీ అనలేను. మంచెలో ఏముందో చెప్పాల్సిన లెక్క మంచె బయట ఏముందో చెప్పింది.

మంచెలు రాకముందు ఏడాదితో పోలుద్దామన్నది యజమాని సూచన. అప్పటి చేపల అమ్మకాల పుస్తకం సంఘం దగ్గర ఉంది. చూస్తే అది పెద్ద వరదల సంవత్సరం. వారాల తరబడి ఏరంతా మంచినీరు. అలాంటి ఏడాదితో పోలిస్తే మంచెలు పెట్టినా, పాత టైర్లు పడేసినా పెరుగుదల కనిపిస్తుంది. ఆ అంకె యజమానికి బాగా నచ్చింది. దాన్ని నా నివేదికలో పెట్టనన్నాను. ఈ పని మొత్తంలో మాకు మాటామాటా వచ్చింది అప్పుడొక్కసారే.

రెండో ప్రయత్నం కెమెరా. ఇందులో తప్పు పూర్తిగా నాదే. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో, మిల్ఫర్డ్‌లోని ప్రభుత్వ మత్స్య ప్రయోగశాల వాళ్లు ఆలిచిప్పల పంజరాల మీదా, దగ్గర్లోని రాతి దిబ్బ మీదా చిన్న కెమెరాలు బిగించి చేపల్ని లెక్కించారు. రాతి దిబ్బ లాగే పంజరాలకూ చేపలు చేరాయని చూపించారు. చక్కటి పని. చేపను పట్టనక్కర్లేదు, వల చిరగదు, వీడియో ఎవరికైనా చూపించవచ్చు. హైదరాబాద్‌లో గదిలో కూర్చుని వాళ్ల వీడియోలు చూసి మురిసిపోయి నాలుగు కెమెరాలు కొనిపించాను. మన ఏటి నీటిలో మోచేతి దాకా చెయ్యి ముంచితే వేళ్లు కనిపించవు. నీరు తేటబడేది పోటు నిండి కదలిక ఆగిన కొద్ది నిమిషాలే. ఆ నిమిషాల్లో దొరికింది గోధుమరంగు మసక, అందులో అప్పుడప్పుడూ ఒక తోక. వాళ్ల పద్ధతిని అరువు తెచ్చుకున్నాను గానీ, వాళ్ల నీళ్లు నా దగ్గర ఉన్నాయా అని చూసుకోలేదు. కెమెరాలు ఇప్పటికీ యజమాని ఇంట్లో ఉన్నాయి, పిల్లలు ఈతకొలనుకు తీసుకెళ్తున్నారట.

దోమతెర

మూడో పద్ధతి సంఘంలోని ఒకావిడ చెప్పింది. "మంచె దగ్గర చేపను వెతకడమెందుకండీ, దండనే తీసి దులిపితే ఏముందో రాలుతుంది కదా," అంది. దండ పైకి లాగుతుంటే సందుల్లో ఉన్నవి నీటిలోకి జారిపోతాయి కదా అన్నాను. ఆవిడ ఇంటికెళ్లి దోమతెర తెచ్చింది. దాన్ని సంచిలా కుట్టి, కింది నుంచి దండకు తొడిగి, మూతి బిగించి, అలాగే పైకెత్తి నీళ్ల తొట్టిలో దులపడం. లెక్కపెట్టాక జీవులన్నిటినీ అక్కడే వదిలేయడం.

పెద్ద చేప దీనికి దొరకదు, నిజమే. కానీ నా ప్రశ్న కూడా ఈలోగా మారింది. చేప నీడకు వచ్చిందా, తిండికి వచ్చిందా అన్నది తేలాలంటే ముందు అక్కడ తిండి ఉందా లేదా అన్నది తెలియాలి. దండలో చిన్న జీవులు లేకపోతే మిగతా చర్చ దండగ. అందుకే పెద్ద చేపను వదిలేసి చిన్నవాటిని పట్టుకున్నాను.

తొట్టిలో రాలినవి చూసి నేనే ఆశ్చర్యపోయాను. బియ్యపు గింజంత రొయ్యజాతి పురుగులు, గాజులా మెరిసే రొయ్య పిల్లలు, గోరంత పీతలు, గుల్లల మధ్య నక్కిన ఇసుకదొందులనే చిన్న చేపలు, బురద గొట్టాల్లో వానపాముల్లాంటి పురుగులు. పడవలో ఉన్న సంఘం ఆడవాళ్లు నాకంటే వేగంగా వేరుచేసేవారు. ప్రతి పదిహేను రోజులకు ఒకసారి, ఎంచుకున్న ఆరు దండలు దులపాలని నిర్ణయించాం. నేను నెలకొకసారి రాత్రి బస్సెక్కి వెళ్లేవాడిని. మిగతాసార్లు వాళ్లే లెక్కపెట్టి కాగితం ఫొటో తీసి పంపేవారు.

లెక్కలు మాత్రం పిచ్చెక్కించాయి. ఒక పక్షం తొట్టి నిండా జీవులుంటే, మరుసటి పక్షం దాదాపు ఏమీ ఉండవు. ఆ తర్వాత మళ్లీ కొంత. అమావాస్య, పౌర్ణమి పోట్ల ప్రభావమని తీర్మానించుకుని ఆటుపోట్ల పట్టికలు ముందేసుకుని వారం రోజులు కూర్చున్నాను. సరిపోయినట్టే కనిపించి ఎక్కడో తప్పేది. ఉప్పదనం చూశాను. లీటరుకు ఇరవై గ్రాముల పైనే ఉంది, మరీ అంత తేడా లేదు. ఎండ, గాలి, పడవల రాకపోకలు అన్నీ అనుమానించాను.

జవాబు కూలీల పుస్తకంలో ఉంది. యజమానికి ఖర్చుల లెక్క చూసే గుమాస్తా ఉన్నాడు. ఆయన ఒక సాయంత్రం ఏదో బిల్లు విషయమై నాకు కూలీ పట్టీల ఫొటోలు పంపాడు. అందులో తేదీల పక్కన "శుభ్రం – 14 మంది" అని రాసి ఉంది. నా లెక్కల కాగితం పక్కన పెట్టి చూశాను. శుభ్రం జరిగిన ప్రతిసారీ, ఆ తర్వాతి లెక్క పడిపోయింది.

ఏం జరుగుతోందంటే, దండల మీద బార్నకిల్స్ (గట్టి పెంకుతో అతుక్కుని పెరిగే చిన్న జీవులు), నాచు, గొట్టపు పురుగులు పట్టకుండా కూలీలంతా ఒక రోజు దండలన్నీ పైకి లాగి, గీకి, మంచె మీద ఎండబెట్టేవారు. ఈ పద్ధతి చెప్పింది నేనే, మొదటి ఏడు సాగు సలహా ఇచ్చినప్పుడు! ఆలిచిప్ప మూత బిగించుకుని గంటల తరబడి ఎండను ఓర్చుకుంటుంది, మిగతావి చచ్చిపోతాయి. అవి చావాలనే ఎండబెట్టేది. సాగుదారుడి కంటికి అది చెత్త. నేనిప్పుడు లెక్కపెడుతున్నది ఆ చెత్తనే. ఏటిలో ఇల్లు కట్టి, శుభ్రం చేసిన ప్రతిసారీ అందరినీ ఖాళీ చేయించి తాళం వేస్తున్నాం. ఇందులో ఎవరు కాపురముంటారు?

నిర్ణయాలు

శుభ్రం మానేద్దామా? కుదరదు. బార్నకిల్స్ పేరుకుంటే దండ బరువెక్కి మంచె కుంగుతుంది, నీరు ఆడదు, ఆలిచిప్ప సన్నగా మిగులుతుంది. గీకని దండను హోటలువాడు కొనడు. యజమాని బతుకుతెరువు తీసేసి ఇసుకదొందులకు ఇల్లు ఇవ్వమనడం సలహా కాదు. అందుకని రెండు మార్పులు చెప్పాను. ఒక విడతలో ఒక వరుస విడిచి ఒక వరుస మాత్రమే శుభ్రం చేయాలి, ఎండబెట్టిన వరుసలోని జీవులకు పక్క వరుసలో చోటు దొరుకుతుంది. ఎండబెట్టే ముందు దండను నీళ్ల తొట్టిలో దులిపి, రాలినవాటిని శుభ్రం చేయని వరుస దగ్గర వదలాలి. దీనివల్ల పని రోజులు పెరిగాయి, కూలీ ఖర్చు పెరిగింది. యజమాని ముఖం ముడుచుకున్నాడు, ఒప్పుకున్నాడు. లెక్కలు ఆ తర్వాత ఎత్తుపల్లాలు తగ్గి నిలకడగా వచ్చాయి.

ఇక పోలిక. దండలో జీవులున్నాయి సరే, అవి ఆలిచిప్పల వల్లనా, కర్ర పాతినందువల్లనా? ఇది తేల్చడానికి మూడు రకాలు పెట్టాం: బతికున్న ఆలిచిప్పల దండలు, ఉత్త గుల్లల దండలు, దండలే లేని ఖాళీ వెదురు మంచె. ఉత్త గుల్లలు ఎందుకంటే, ఆకారం చేసే పని ఎంత, ప్రాణమున్న ఆలిచిప్ప చేసే పని ఎంత అన్నది విడదీయాలని. కాగితం మీద చూసుకుని చాలా సంతోషించాను. ఏరు నా కాగితం చదవలేదు. పిల్లలు అతుక్కునే కాలం వచ్చేసరికి ఉత్త గుల్లల మీద కొత్త ఆలిచిప్పలు పట్టేశాయి. అందుకోసమే కదా గుల్లలు కట్టేది! రెండు నెలలు తిరిగేసరికి నా చచ్చిన దండలు బతికి కూర్చున్నాయి, ఆ పోలిక చెడింది. మళ్లీ పెట్టాలంటే ఆ కాలం దాటాక పెట్టాలి. అప్పటికి డబ్బూ ఓపికా అయిపోయాయి.

ఖాళీ మంచెతో పోలిక మాత్రం నిలబడింది. పురుగులు, రొయ్య పిల్లలు, గోరంత పీతలు దండలున్న మంచెల దగ్గరే ఉన్నాయి, ఉత్త వెదురుకు పెద్దగా పట్టలేదు. పెద్ద చేప పండుగప్పకు మాత్రం తేడా లేదు. వేటగాళ్లు గాలం వేస్తే రెండు మంచెల దగ్గరా ఒకే తీరుగా పడింది. వల చిరిగిన పెద్దాయన్ను అడిగాను. "దానికి కావాల్సింది నీడ బాబూ. కర్ర నీడైనా ఒకటే, గుల్ల నీడైనా ఒకటే," అన్నాడు.

హోటలు కార్డు మీద యజమాని వేసుకోవాలనుకున్నది పండుగప్పనే. దాని విషయంలో మా లెక్క ఏమీ తేల్చలేదు. తేల్చినది ఎవరూ కార్డు మీద వేసుకోని పురుగుల గురించి.

ఇంకో రెండు విషయాలు బయటపడ్డాయి. ఇల్లు కడితే వచ్చేవాళ్లందరూ మనకు నచ్చినవాళ్లు కారు. మండపీత కూడా వచ్చింది, వచ్చి పిల్ల ఆలిచిప్పలను చిట్లించి తింది. యజమాని వలతెర కట్టి పీతల్ని అడ్డుకుందామన్నాడు. తెర కడితే మిగతావాటికీ దారి మూసుకుంటుంది, నాచు పట్టి నీరూ ఆగుతుంది. దాని బదులు సంఘం వాళ్లు బుట్టలు పెట్టి పీతల్ని పట్టి అమ్ముకున్నారు. పీత ధర ఆలిచిప్ప ధర కంటే ఎక్కువన్నది అందరికీ తెలిసిన సంగతే, ఆ పూట మరోసారి తెలిసింది.

రెండోది కాస్త చేదు. ఏటి మలుపు దగ్గర, నీరు మందంగా కదిలే చోట, మంచెల కింది బురద నల్లబడి కుళ్లిన గుడ్డు వాసన వచ్చింది. ఆలిచిప్ప తినగా వదిలినది, తినకుండా జిగురు చుట్టి ఉమ్మేసినది రెండూ కిందే పడతాయి. ప్రవాహముంటే కొట్టుకుపోయి పలచగా పరుచుకుంటాయి, లేకపోతే అక్కడే పేరుకుని అడుగున ప్రాణవాయువును తినేస్తాయి. నీటిని శుభ్రం చేస్తుందని పేరున్న జీవే, ఒకే చోట కిక్కిరిస్తే అడుగును పాడుచేస్తుంది. ఆ మలుపులో సగం మంచెలు తీయించాం. తీసినచోట ఏటి నడుమకు పడవ వెళ్లేంత దారి ఏర్పడింది.

ఆ దారితో పల్లె గొడవ చాలావరకు చల్లారింది. తర్వాత తెలిసిందేమిటంటే, వాళ్ల ఫిర్యాదు ఏటిలో చేప తగ్గిందని కాదు. ఏటికి అడ్డంగా వల కట్టే చోటును మంచెలు మింగేశాయి, అందుకే వాళ్లకు చేప తగ్గింది. దాన్ని మేం "ఏటిలో చేప తగ్గిందంటున్నారు" అని విన్నాం. నేను ఏడాదిన్నర పురుగులు లెక్కపెట్టాను గానీ, వాళ్ల దగ్గర కూర్చుని "ఎక్కడ తగ్గింది?" అని ఒక్క ప్రశ్న మొదటి నెలలో అడిగి ఉంటే ఆ పని ముందే అయిపోయేది.

ఇప్పుడైతే ఎలా చేసేవాడిని

ఇలాంటి పని ఎవరైనా తెస్తే, మంచె పాతక ముందే ఖాళీ మంచె ఒకటి, బురద నేల ఒకటి గుర్తుపెట్టి రెండింటినీ ఏడాది చూడమంటాను. ఉత్త గుల్లల పోలిక కావాలంటే పిల్లలు అతుక్కునే కాలం అయ్యాక కట్టమంటాను. శుభ్రం చేసే తేదీలు లెక్కల కాగితం మీదే ఉండాలంటాను, గుమాస్తా దగ్గర కాదు. చేపలు పెరిగాయన్న మాట కావాలంటే ఏరు మొత్తంలో ఏళ్ల తరబడి చూడాలి. అంత డబ్బు ఒక్క యజమాని పెట్టలేడు, పెట్టకూడదు కూడా.

కార్డు మీద ఏం వేయాలన్నది మాత్రం చివరి వరకూ తేలలేదు. "మా దండల్లో రొయ్య పిల్లలు, చిన్న పీతలు, ఇసుకదొందులు బతుకుతున్నాయి" అని రాసిచ్చాను. పురుగుల ఊసు నేనే తీసేశాను, తినే సరుకు కదా. హోటలు వంటపెద్ద అది చదివి, అవన్నీ ప్లేటులోకి రావు కదా అని అడిగాడట. యజమాని కార్డు ఆలోచనే మానుకున్నాడు. సరుకును అమ్మకానికి ముందు శుద్ధమైన ఉప్పునీటిలో ఎంతసేపు ఉంచుతారో ఆ వివరమే ఇప్పుడు ఇస్తున్నాడు.

కూలీల పుస్తకంలో ఇప్పుడు కొత్త గడి ఒకటి ఉంది: ఏ వరుస దులిపారు, ఏం రాలాయి. నేను అడగకపోయినా నెలకోసారి ఆ పేజీ ఫొటో నా ఫోనుకు వస్తుంది. మొన్నటి దాంట్లో మూడో వరుస ఎదురుగా ఇలా ఉంది: "రొయ్య పిల్లలు బోలెడు. పండుగప్ప పిల్లలు రెండు, వేలెడంతవి. వదిలేశాం."